షట్టర్ లేచేలోగా

ట్రయల్ రూమ్‌లో, నేల మీద, ఒక మగమనిషి బోర్లా పడుకుని ఉన్నాడు.

బట్టలమ్మే పై అంతస్తుకు మేనేజర్‌గా ఆమెకది మొదటి రోజు. షాపు ఇంకా తెరవలేదు. తలుపు కింద నుంచి బూట్లు కనబడితే ఎవరో కళ్ళు తిరిగి పడిపోయారనుకుని గాభరాగా తలుపు తోసింది. పడిపోయిన మనిషి తాపీగా తల తిప్పి, కాస్త పక్కకు జరగమన్నాడు. వెలుతురుకు అడ్డొస్తోందట.

"ఎవరండీ మీరు?" అంది ఆమె, గొంతు పెంచకుండా.

"కింది ఫ్లోర్ మేనేజర్ని."

లేచి చొక్కా దులుపుకున్నాడు. ఆమె చెయ్యి చాపమని సైగ చేసి, అరచేతిలో ఒక గుండుసూది పెట్టాడు. కొత్త చొక్కాల మడతలకు గుచ్చి వచ్చేది.

"ఇక్కడ జనం చెప్పులు విప్పి నిలబడతారు," అని చెప్పి వెళ్ళిపోయాడు.

మొదటి రోజే ఇంత అవమానమా అని ఆమెకు ఒళ్ళు మండిపోయింది. పెద్దాయన దగ్గరకు వెళ్ళి అడిగింది. పెద్దాయనంటే ఆ షాపు మొత్తానికీ మేనేజర్, జుట్టంతా నెరిసినవాడు. ఆయన నవ్వి, తను పెట్టిన పద్ధతి వివరించాడు. రోజూ చూసే కంటికి సొంత ఫ్లోర్‌లో దుమ్ము ఆనదు. అందుకని రోజూ పొద్దున, షాపు తెరవకముందు, కింది మేనేజర్ పై ఫ్లోర్ అంతా నడవాలి, పై మేనేజర్ కింది ఫ్లోర్ నడవాలి. తప్పులు మాత్రమే చెప్పాలి. పొగడకూడదు. వినేవాళ్ళు సాకులు చెప్పకూడదు, 'చూశాను' అని మాత్రం అనాలి. ఆ తప్పు ఏదైనా సరే, షట్టర్ లేచేలోగా సరి చెయ్యాలి.

మర్నాడు ఆమె కింది ఫ్లోర్‌లో పోలీసులా తిరిగింది. గిన్నెలు, సబ్బులు, బొమ్మలు అన్నీ కళ్ళు జిగేల్మనేలా ఉన్నాయి. చివరికి గాజు సామాన్ల దగ్గర ఆగి, పాకే పిల్లల చేతికి కూడా అందేలా గ్లాసులు పెట్టారేమిటని అడిగింది.

"చూశాను," అన్నాడు అతను. తనే కూర్చుని గ్లాసులన్నీ పై అరకు మార్చాడు. ఓడిపోయిన ముఖం కాదది. ఎన్నాళ్ళుగానో జోడీ దొరక్క ఆగిపోయిన ఆట మళ్ళీ మొదలైన ముఖం.

అలా మొదలైంది. షాపులో అందరూ అతన్ని చాటుగా దుర్భిణి అనేవాళ్ళు. వానాకాలం పొద్దుటిపూట అతను తడి గొడుగుతో మెట్లెక్కి వస్తే, నీళ్ళు కారుతున్నాయి, ఇది తప్పేనని ఆమె అనేది. కారింది మీ ఫ్లోర్ మీద కాబట్టి తప్పు మీదేనని అతను నింపాదిగా జవాబిచ్చేవాడు. ఆమె గుడ్డ తెచ్చేలోపు తనే తుడిచేసేవాడు. సెంట్ల కౌంటర్ అమ్మాయిలు ఇదంతా చూసి ముసిముసిగా నవ్వుకునేవాళ్ళు. వాళ్ళలో ఒక గడుగ్గాయి ఒకసారి ఆమెతో అననే అంది: "జాగ్రత్త మేడమ్, భార్యాభర్తలు ఒకే షాపులో మేనేజర్లుగా ఉండకూడదని కంపెనీ రూలు. మీ ఇద్దరిలో ఎవరో ఒకళ్ళు ఊడతారు." ఆమె కోప్పడింది. కోప్పడ్డాక, ఆ రూలు ఎందుకంతసేపు గుర్తుందో తనకే అర్థం కాలేదు.

ఇంట్లో ఆమె, నాన్న, ఇద్దరే. నాన్న లిఫ్టులు బాగుచేసే మెకానిక్‌గా చేసి రిటైరైన మనిషి. సాయంత్రం ఆమె చెప్పులు విప్పకముందే, ఇవాళ మీ దుర్భిణి ఏం పట్టుకున్నాడే అని వంటింట్లోంచి అడిగేవాడు. ఆమె చెప్పేది. రోజూ చెప్పేది. ఆయన ఉల్లిపాయలు తరుగుతూ వినేవాడు, కూతురి ముఖం వంక చూడకుండా.

ఇంతలో పెద్దాయన రిటైరవుతున్నాడన్న వార్త వచ్చింది.

అద్దాల గదిలోని ఆయన కుర్చీ కోసం ఇద్దరి పేర్లే వినబడ్డాయి. పై ఫ్లోర్, కింది ఫ్లోర్. బిల్లింగ్ కౌంటర్‌లో నిలబడి పని మొదలుపెట్టిన రోజు నుంచీ ఆమె కన్ను ఆ కుర్చీ మీదే ఉంది. కాళ్ళు వాచి ఇంటికెళ్ళిన సాయంత్రాలన్నిటికీ అదొక్కటే జవాబు. ఆ విషయం నాన్నకు తెలుసు. అతనికీ తెలుసు.

సరిగ్గా అప్పుడే ఏరియా మేనేజర్ ఆమెను పిలిపించాడు. ఊరి చివర కంపెనీకొక గోడౌన్ ఉంది. అన్ని షాపుల్లోనూ కొన్నవాళ్ళు తిరిగిచ్చేసిన సరుకంతా అక్కడికే చేరుతుంది. దానికి మేనేజర్‌గా వెళ్ళమన్నాడు. హోదా అదే, జీతం అదే. మెట్టు ఎక్కడమూ కాదు, దిగడమూ కాదు. పక్కకు జరగడం. సోమవారం జవాబు చెప్పాలి.

ఆమె లేవబోతుంటే, పొగుడుతున్నాననుకుని ఆయన ఇంకో మాట జోడించాడు. ఈ పనికి మీరే తగినవారని కింది ఫ్లోర్ మేనేజర్ చెప్పారు.

ఆమె నేరుగా మెట్ల దగ్గరకు వెళ్ళింది. అతను పైకి వస్తున్నాడు. దారికి అడ్డంగా నిలబడింది.

"నా పేరు మీరే చెప్పారా?"

"చెప్పాను."

"ఎందుకు?"

"తప్పు ఎక్కడ మొదలైందో పట్టుకునేవాళ్ళు ఎవరున్నారని అడిగారు. మీ పేరు చెప్పాను. మీలాంటివాళ్ళు కంపెనీ మొత్తంలో ఇంకొకరు లేరన్నాను. ఎందుకడిగారో అప్పుడు నాకు తెలీదు."

"ఇన్నాళ్ళలో నాతో ఒక్క మంచిమాట అనలేదు మీరు. మొదటిసారి అన్నారు, అదీ నా వెనక. అది కూడా నన్ను సాగనంపడానికి పనికొచ్చింది."

అతను ఒక మెట్టు కిందికి దిగాడు. ఆమె ఒక్క మాట చాలనుకుంది. ఏదో ఒకటి.

"సరే, చెప్పండి. వెళ్ళమంటారా, వద్దంటారా?"

"నేను చెప్పకూడదు."

"ఎందుకని?"

"చెప్పకూడదంతే," అని తల వంచుకుని పక్క నుంచి ఎక్కి వెళ్ళిపోయాడు. కుర్చీ మీద ఆశ ఉన్నవాడు అంతకన్నా ఏం చెప్తాడులే అనుకుంది ఆమె.

మర్నాడు కింది ఫ్లోర్‌లో ఆమెకు అన్నీ తప్పులే కనబడ్డాయి. సబ్బుల వరసలో ఒకటి వంకరగా ఉంది. ఒక చీపురు మిగతావాటికన్నా అంగుళం పొట్టిగా ఉంది. చివరికి, పింగాణీ కుక్క బొమ్మ తన వంక అదోలా చూస్తోందని కూడా అంది. దేనికీ అతను ఎదురు చెప్పలేదు. ప్రతిదానికీ చూశాను, చూశాను అన్నాడు. కుక్క ముఖం గోడ వైపు తిప్పాడు. మామూలుగా అయితే ఆమెకు నవ్వొచ్చేది. ఆ రోజు ఏడుపొచ్చింది.

ఆ సాయంత్రం నాన్న ఏమీ అడగలేదు. తనే చెప్పుకుంది. అంతా విని ఆయన గరిటె పక్కన పెట్టాడు.

"నేను జీవితమంతా లిఫ్టులు బాగుచేశానమ్మా. పైకెళ్ళినవాళ్ళందరూ సాయంత్రానికి కిందికే వచ్చేవాళ్ళు. ఏ అంతస్తులో దిగారన్నది కాదు, తలుపు తెరుచుకున్నాక అక్కడ వాళ్ళకు పనుందా లేదా అన్నదే లెక్క."

"అంటే వెళ్ళమనా?"

"వెళ్ళి చూడమని. చూడని గది సంగతి నీకెలా తెలుస్తుంది? అతని మీద కోపంతో ఉండిపోకు. అతని మీద కోపంతో వెళ్ళిపోనూవద్దు."

సెలవు రోజున ఆమె ఊరి చివరకు బస్సెక్కింది. గోడౌన్ తలుపు తీసినతను లైట్లు వేసి తన పనికి తను వెళ్ళిపోయాడు. లోపల కప్పుదాకా పెట్టెలు. తిరిగొచ్చిన బూట్లు, తిరిగొచ్చిన ఫ్యాన్లు, పిల్లల కోట్లు. ఎవరో ఇష్టపడి కొనుక్కుని, ఇంటికి తీసుకెళ్ళి, మనసు చిన్నబుచ్చుకుని వెనక్కిచ్చేసినవన్నీ.

ఒక మూల బూడిదరంగు ప్యాంట్ల గుట్ట కనబడింది. ఆమె గుర్తుపట్టింది. ఆడవాళ్ళ ప్యాంట్లు. ఆ సీజన్లో తన ఫ్లోర్‌లో అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడుపోయినవి. వాటిని ముందు వరసలో నిలబెట్టింది తనే. మీటింగ్‌లో అందరూ చప్పట్లు కొట్టింది వాటికే.

ఒకటి తీసి చూసింది. కుట్టు బాగుంది, బట్ట బాగుంది. తను వేసుకున్న బట్టల మీదనుంచే దాన్ని తొడుక్కుని, ఫోను జేబులో పెట్టుకుని, దగ్గర్లో ఉన్న పెట్టె మీద కూర్చుంది. ఫోను జారి టప్పున నేల మీద పడింది. ఇంకొకటి తొడుక్కుంది. మళ్ళీ టప్పుమంది. జేబు లోతు అరచెయ్యంత కూడా లేదు.

ఆమె ఆ పెట్టె మీద అలాగే కూర్చుండిపోయింది. ఎంతమంది ఫోన్లు పగిలాయో. బస్సులో, పనిలో, ఇంటి గుమ్మం ముందు. కుట్టేచోట ఈ సంగతి ఎవరికీ తెలీదు. ఇంకా కుడుతూనే ఉన్నారు. తను ఇంకా అమ్ముతూనే ఉంది. పొద్దున్నే తను వెతికేవి వంకర ట్యాగులు, దుమ్ము. అసలు తప్పులన్నీ ఇక్కడికొచ్చి గుట్టలు పడుతున్నాయి, చూశాను అనే మనిషి లేక.

అతను చెప్పింది నిజమే. ఇది తన పనే. ఆ సంగతి ఒప్పుకోవడానికి ఆమెకు బస్సు ప్రయాణమంతా పట్టింది. కిటికీ అద్దం మీద వాన జారుతోంది. అద్దాల గది గుర్తొచ్చింది. ఆ కుర్చీలో కూర్చున్నట్టు ఊహించుకున్న రోజులన్నీ గుర్తొచ్చాయి. వాటిని ఒక్కొక్కటిగా వదులుకోవాల్సి వచ్చింది. ఏ ఒక్కటీ తేలిగ్గా వదల్లేదు.

సోమవారం ఏరియా మేనేజర్‌కు ఒక షరతు పెట్టింది. గోడౌన్‌లో తను తప్పు పట్టుకుంటే, అది సరయ్యేదాకా ఆ సరుకును ఏ షాపులోనూ అమ్మకుండా ఆపే అధికారం కావాలి. ఆయన గొణిగాడు. ఇంతవరకూ ఎవరూ అలా అడగలేదన్నాడు. ఇంతవరకూ ఎవరూ ఆ పెట్టెలు తెరవలేదని ఆమె అంది. సాయంత్రానికి పైవాళ్ళతో మాట్లాడి ఒప్పుకున్నాడు. ఆమె సరేనంది.

పెద్దాయన గదికి వెళ్ళి చెబితే, ఆయన లేచి నిలబడి, కుర్చీని కొంచెం ఆమె వైపు తిప్పి, "ఒకసారి కూర్చోమ్మా," అన్నాడు. ఆమె కూర్చుంది. అద్దంలోంచి రెండు ఫ్లోర్లూ కనబడ్డాయి. కళ్ళు తుడుచుకుని లేచింది.

ఆఖరి రోజు పొద్దున వాన. అతను గొడుగు కిందే వదిలేసి వచ్చాడు. వరస వరసా నడిచాడు. ట్రయల్ రూముల్లో వంగి నేల చూశాడు. ఆమె చేతులు కట్టుకుని వెనకే నడిచింది.

"ఏమీ లేదు," అన్నాడు చివరికి.

"అది పొగడ్త. రూలు ఒప్పుకోదు."

"అయితే ఒకటుంది. ఈ ఫ్లోర్‌ది కాదు, నాది." అతను ఆమెకు ఎదురుగా తిరిగి నిలబడ్డాడు. "ఆ రోజు మెట్ల మీద మీరు అడిగారు, వెళ్ళాలా వద్దా అని. నా మనసులో ఉన్నది అప్పుడే చెప్పుంటే, మీరు వెళ్ళినా నా కోసం వెళ్ళినట్టే, ఉండిపోయినా నన్ను కాదన్నట్టే అయ్యేది. భార్యాభర్తలు ఒకే షాపులో ఉండకూడదన్న కంపెనీ రూలు మీకూ తెలుసు కదా. మీ నిర్ణయం మీదై ఉండాలనుకున్నాను. అందుకే నోరు కుట్టేసుకున్నాను. మీరు దాన్ని కుర్చీ కోసమనుకున్నారు. అనుకోనిచ్చాను. అదీ తప్పు."

ఆమె అతని కళ్ళలోకి చూసింది. ఇన్నాళ్ళూ తన ఫ్లోర్‌లో సూదులు ఏరిన కళ్ళు. నిద్ర లేక ఎర్రబడి ఉన్నాయి.

"నేను నా కోసమే వెళ్తున్నాను," అంది. "మీ కోసం కాదు."

"తెలుసు. అందుకే ఇవాళ నోరు తెరిచాను."

కింద ఎవరో షట్టర్ తాళాలు తీస్తున్న చప్పుడు వినిపించింది.

"తప్పు చెప్పారు, బాగానే ఉంది," అంది ఆమె. "మరి సరిచేసేది ఎప్పుడు? టైమైపోతోంది."

అతను బట్టల వరసల మధ్య నిలబడి, అక్కడున్న బొమ్మలన్నీ వింటున్నట్టు ఒకసారి అటూ ఇటూ చూశాడు.

"నన్ను పెళ్ళి చేసుకుంటారా?"

ఆమె ఐడీ కార్డు తాడుకు గుచ్చి ఉన్న గుండుసూదిని తీసింది. మొదటి రోజుది. అతని చెయ్యి పట్టుకుని, అరచేతిలో పెట్టి, వేళ్ళు జాగ్రత్తగా మూసింది.

"చేసుకుంటాను," అంది. "ఆదివారం మా ఇంటికి రండి. వంట మా నాన్నది. ఆయన మీ గురించి రోజూ అడుగుతారు. ఉప్పు తక్కువైతే మాత్రం చెప్పకండి."

"తప్పు కనబడితే ఎలా చెప్పకుండా ఉండేది?"

"మా నాన్న కూడా అలాగే అంటారు. మీరిద్దరూ చూసుకోండి."

కింద షట్టర్ గరగరమంటూ లేచింది. మెట్ల మీదుగా తడి వెలుగు పైదాకా వచ్చింది. ఆమె మూసిన అతని గుప్పిట ఇంకా ఆమె చేతుల్లోనే ఉంది. షాపు తెరిచే వేళకు కింది ఫ్లోర్ మేనేజర్ తన ఫ్లోర్‌లో లేకపోవడం అదే మొదటిసారి. ఆ తప్పు అందరూ చూశారు. ఎవ్వరూ ఎత్తి చూపలేదు.