పానా అడిగిన చేయి

ఆ వర్క్‌షాపు వెనక షెడ్డుకి మంచి పేరు లేదు.

చీకటి పడ్డాక అందులోంచి చప్పుడొస్తుందట. టక్... టక్... కాసేపు ఆగి మళ్లీ టక్. షెడ్డులో ఉన్నదల్లా పెద్దమేస్త్రి పాత పికప్ ట్రక్కు ఒక్కటే. నిరుడు దాని కింద పని చేస్తూ చేస్తూ, "నడుం పట్టేసింది, రేపు చూద్దాం" అని ఇంటికెళ్లి పడుకున్నవాడు మరి లేవలేదు. పని సగంలో వదిలేశాడు కదా — పూర్తి చేసుకోవడానికి వస్తున్నాడన్నారు జనం. పక్క టైర్ల కొట్టు వాచ్‌మన్ ట్రక్కు కింద వెలుగు కూడా చూశాడట. అప్పట్నుంచి కుర్చీ రోడ్డు వైపు తిప్పుకుని కూర్చుంటున్నాడు.

ఈ మాటలన్నీ కొట్టిపారేసేవాడు మేస్త్రి అల్లుడు ఒక్కడే. అదీ పగటిపూట.

మామగారి దగ్గరే పని నేర్చుకున్నాడు. ఆయన బండి కింద దూరితే ఇతను పక్కన గొంతుక్కూర్చునేవాడు. కింద నుంచి చేయి బయటికొస్తుంది, నంబరొకటి వినిపిస్తుంది, ఆ పానా అందులో పెట్టాలి. అంతకు మించి మాట్లాడితే తుప్పు నోట్లో పడుతుంది.

ఇప్పుడా ట్రక్కు మీద ఇంట్లో పెద్ద గొడవ. అత్తగారు "అమ్మేయండి ఆ తుక్కుని" అని తెగేసి చెప్పింది. కూతురు ససేమిరా అంది, నాన్న తనకి డ్రైవింగ్ నేర్పింది దాని మీదే. పాత ఇనుము కొనేవాడు వచ్చేలోగా అల్లుడు బండిని నడిపిస్తే ఉంటుంది, లేకపోతే పోతుంది — చివరికి అలా రాజీ కుదిరింది.

ఇంజను పలికింది గానీ, ముందు చక్రాల్ని పట్టి ఉంచే బాల్ జాయింట్లు తుప్పుపట్టి బిగుసుకుపోయాయి, ఊడదీసి కొత్తవి వేయాలి. ఎడమవైపుది ఒక్క దెబ్బకే ఊడొచ్చింది. "చూశావా నా దెబ్బ!" అని భార్య ముందు మీసం దువ్వాడు. కుడివైపుది మాత్రం మొండికేసింది. కొట్టాడు, కాల్చాడు, తిట్టాడు. జాయింట్‌ని లాగి ఊడదీసే పుల్లర్ తగిలించి చేతులు బొబ్బలెక్కేదాకా బిగించాడు. ఊహూఁ... పొద్దున్నే ఇనుము వాడొస్తాడు. భార్య ట్రక్కు వైపు ఓసారి చూసి ఇంటికి వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేదనిపించింది అతనికి.

రాత్రి భోజనానికి కూర్చున్నాక గుర్తొచ్చింది — పుల్లర్ బండికే ఉండిపోయింది! మామగారి పుల్లర్. అది కూడా తుక్కులో కలిసిపోతుంది. దాన్ని విప్పడానికి, తనతో ఇంటికి తెచ్చేసిన పానా పట్టుకుని బయల్దేరాడు.

షెడ్డు తలుపు ఓరగా తెరిచి ఉంది.

టక్...

"ఎలకలై ఉంటాయి," అనుకున్నాడు. ఎలకలు సుత్తి పట్టుకోవడం అతనెప్పుడూ చూడలేదు.

టక్...

ట్రక్కు కింద మసక వెలుగు. ఆ వెలుగులోంచి... ఒక చేయి బయటికొచ్చింది. ఖాకీ చొక్కా. మోచేతి దగ్గర అతుకు. మామగారి చొక్కాయే! అరచేయి వెల్లకిలా చాచి ఉంది.

"పదిహేడు..." అంది గొంతు, నోటికి గుడ్డ అడ్డం పెట్టుకున్నట్టు.

పారిపోవాలి. కాళ్లు సిద్ధంగానే ఉన్నాయి. కానీ అతని చేయి వింటేగా! ఏళ్ల అలవాటు... బుద్ధిగా ముందుకెళ్లి, పదిహేడో నంబరు పానా ఆ అరచేతిలో పెట్టేసింది. పెట్టాక గానీ తనేం చేశాడో అతనికి తెలియలేదు.

కిర్‌ర్... కిర్‌ర్... టక్ —

ఢాం!

"మామయ్యా! అమ్మనివ్వను! ఒట్టు!" అని కేకేసి నేల మీద చతికిలబడ్డాడు.

"అరవకు. జాయింట్ ఊడింది."

ముఖానికి కట్టుకున్న గుడ్డ విప్పుకుంటూ బయటికి జరిగింది... అత్తగారు.

"అత్తయ్యా... మీరా?"

"పానా నువ్వు పట్టుకుపోతివి, నేనేం చేయను? నీ అడుగుల చప్పుడు విన్నాను, దొరికితే దొరికాననుకుని చేయి చాచాను." ఒంటికంటిన తుప్పు దులుపుకుంది. "రోజూ కాస్త నూనె పోయాలి, మెల్లగా తట్టాలి. మీ మామయ్య పద్ధతి అదీ. ఎడమవైపుది నీ దెబ్బకే ఊడిందనుకున్నావా?"

"మరి... అమ్మేయమన్నది మీరే కదా!"

ఆమె చొక్కా చేతి మడత సర్దుకుంది. "కళ్లెదురుగా అలా పడుంటే చూడలేక అన్నాను. ఇక్కడికి రాకుండా ఒక్క సాయంత్రమైనా ఉండగలిగానా?"

అతనికి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. కొత్త జాయింట్లు ముందే తెచ్చి ఉంచాడు. ఆమె కింద, అతను పక్కన. చేయి చాచినప్పుడల్లా పానా పెట్టాడు.

తెల్లారి ఇనుము వాడొచ్చేసరికి ట్రక్కు గేటు దాటుతోంది. స్టీరింగు ముందు భార్య, పక్కన ఖాకీ చొక్కాలోనే అత్తగారు, వెనక తొట్టిలో అల్లుడు. వాచ్‌మన్ కుర్చీ ఇటు తిప్పి, దగ్గరికొచ్చి గుసగుసగా అడిగాడు.

"షెడ్డులో దెయ్యం పోయినట్టేనా?"

"ఎక్కడికి పోతుందన్నా!" అన్నాడు అల్లుడు. "ముందు సీట్లో కూర్చుంది. నన్నే వెనక్కి తోలింది."