నిండు సిలిండర్

ఊర్మిళ మారేడ్‌పల్లిలోని డిటెక్టివ్ ఆఫీసుకు వచ్చేసరికి ఆమె జుట్టు ఇంకా తడిగానే ఉంది. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"ఐదింటికి మీటింగ్ సార్. నా క్లాసు బంద్ చేస్తరట."

కార్ఖానా ప్రాంతంలోని ఒక క్లబ్ ఈతకొలనులో ఆమె స్కూబా, అంటే వీపున సిలిండర్ గాలితో నీటి అడుగున ఈదడం, నేర్పుతుంది. ఆ ఉదయం లాస్య అనే విద్యార్థినికి నీటి అడుగున గాలి ఆగిపోయింది. గొంతు దగ్గర అరచేయి అడ్డంగా ఆడించి గాలి లేదని సైగ చేసింది. తోటి అమ్మాయి తన దగ్గరున్న రెండో మౌత్‌పీస్ అందించింది. ఇద్దరూ ఒకే సిలిండర్ గాలి పీల్చుకుంటూ పైకి వచ్చారు.

"ఆ పని నలభైసార్లు చేయించిన. అందుకే బతికింది," అంది ఊర్మిళ. "తీరా చూస్తే లాస్య సిలిండర్ నిండుగుంది. గాలి మంచిగొస్తున్నది. పిల్ల ఊకనే భయపడ్డదని ఒకరు, నా సామాను ఖరాబని ఒకరు."

డిటెక్టివ్ హేమచంద్ర లేచాడు. సహాయకురాలు సువార్త నోటుబుక్కు తీసుకుని వెంట నడిచింది.

లాస్య కొలను గట్టు మీద తువ్వాలు కప్పుకుని కూర్చుంది.

"దిగే ముందు సిలిండర్ గాలి మీటరు చూశావా?" అడిగాడు హేమచంద్ర.

"చూసిన సార్. రెండొందలుంది, నిండుగ. సిలిండర్ సెట్టు గట్టు మీద పెట్టి మాస్కు కడుక్కోనికి పోయిన. వచ్చి తగిలించుకొని దిగిన. మూడుసార్లు పీల్చంగనే ముల్లు సున్నాకొచ్చింది."

"పైకి వచ్చాక?"

"మళ్ల రెండొందలు."

సువార్త ఆ మాట కింద గీత గీసింది.

"గట్టు మీద ఎవరున్నారు?"

"తుకారాం కాకా ఒక్కడే. సెట్టు పైకి గుంజింది సుత ఆయనే."

తుకారాం ఇరవై రెండేళ్లుగా అక్కడ పనిచేస్తున్నాడు. గట్టు కడుగుతాడు, మూలన టీ కాస్తాడు. వీళ్లకు టీ గ్లాసుల్లో పోసి, గ్యాస్ సిలిండర్ మూసేసి, అప్పుడు గ్లాసులు తెచ్చిచ్చాడు. హేమచంద్ర ఇంకో గ్లాసు అడిగాడు. తుకారాం గ్యాస్ తిప్పాడు, వేడి చేశాడు, మళ్లీ మూసేసి తెచ్చాడు. రెండు గ్లాసులు తాగే అలవాటు హేమచంద్రకు లేదని సువార్తకు తెలుసు.

ఐదింటికి క్లబ్ కార్యదర్శి సత్యదేవ్ అందరినీ కూర్చోబెట్టాడు. "ఏదైనా మాకు రిస్కేనండి," అన్నాడు.

హేమచంద్ర లాస్య సిలిండర్ వాల్వు తెరిచాడు. ముల్లు రెండొందలకు వెళ్లింది. వాల్వు మూశాడు. ముల్లు కదలలేదు. మౌత్‌పీస్ పెట్టుకుని మూడుసార్లు పీల్చాడు. ముల్లు సున్నాకు పడింది. వాల్వు తెరిచాడు. మళ్లీ రెండొందలు.

"సిలిండర్ ఖాళీ కాలేదు. ఎవరో మూశారు. గొట్టంలో మిగిలిన గాలి మీటరును నిండుగా చూపించింది. పైకి వచ్చాక ఎవరో తెరిచారు. తుకారాం గారూ, పక్కన మనిషి లేని సిలిండర్ కనబడితే మీరేం చేస్తారు?"

తుకారాం లేచి నిలబడ్డాడు.

"బంద్ చేస్త సార్. చిలకలగూడల మా ఇల్లు గ్యాస్ లీకయ్యే కాలింది. అప్పటికెల్లి చెయ్యి ఊకోదు. పిల్లను గుంజినంక సమజైంది. మళ్ల తిప్పి తెరిచిన. నౌకరి పోతదని చెప్పలే."

ఊర్మిళ తుకారాం పక్కకు వచ్చి నిలబడింది.

"నా తప్పు సుత ఉంది. గాలి ఆగితే ఏం చేయాల్నో నేర్పిన. పక్కకు పెట్టిన సెట్టు మళ్ల తగిలించుకుంటే, జోడీగ దిగే మనిషి ముందర పీలుస్తూ ముల్లు చూడాలని గట్టిగ చెప్పలే. రేపటికెల్లి అది షురూ."

"క్లాసు నడపండమ్మా," అన్నాడు సత్యదేవ్. "మరి ఇతన్నేం చేద్దామండి?"

"కాకా సుత క్లాసుకు రావాలె. ఏం మూస్తున్నడో తెలిస్తే మూయడు."

తుకారాం తల గోక్కున్నాడు. "ఊర్మిళమ్మా, నాకు ఈతే రాదు."

రాసుకుంటున్న సువార్త చెయ్యి ఆగిపోయింది. సత్యదేవ్ నవ్వేశాడు. లాస్య తువ్వాలు తీసి కుర్చీ మీద వేసి తుకారాం వైపు తిరిగింది.

"గంతేనా? పొద్దుగాల ఆరింటికి రా కాకా. నేను నేర్పిస్త."