బోర్డు మీద రెండో ఖాళీ

"కొనాలా, అద్దెకు తీసుకోవాలా? ఇవాళ సాయంత్రంలోగా తేల్చు," అన్నాడు చీఫ్.

ఏజెంట్ కందిరీగ తెల్లబోయాడు. పదకొండేళ్ళ సర్వీసులో చీఫ్ అతనికి ఎవరిని పట్టుకురావాలో, ఏ తాళం తెరవాలో చెప్పాడు గానీ ఇలాంటి సంసారపక్షం ప్రశ్న ఎప్పుడూ వెయ్యలేదు.

"ఇల్లా సార్?"

"విమానం."

కిటికీ లేని బ్రీఫింగ్ రూమ్‌లో ప్రొజెక్టర్ వెలిగింది. తెర మీద తెల్లటి చిన్న విమానం.

"ఫోర్ సీటర్. సింగిల్ ఇంజన్. మన డిపార్ట్‌మెంటుకి ఇలాంటిది ఒకటి కావాలి. కొంటే కాగితాల మీద మన ఆనవాలు ఎప్పటికీ ఉండిపోతుంది. అద్దెకైతే అంతకుముందు దాని మీద ఎవరెవరి చేతులు పడ్డాయో తెలీదు. నీ కవర్ స్టోరీ ఇదే. నాకు నిజంగా కావలసిన రిపోర్టూ ఇదే."

తెర మీద బొమ్మ మారింది. సోడాబుడ్డి కళ్ళజోడుతో ఒక అరవై ఏళ్ళ ఆవిడ.

"సైంటిస్టు. సాలెగూడు అనే విదేశీ ముఠా ఈవిడ చేత బలవంతంగా విషవాయువు చేయించింది. తప్పించుకుని మన దగ్గరికి వచ్చేసింది. రేపు పొద్దున ఈవిడ కోర్టులో నోరు విప్పితే ముఠా పని సరి. రోడ్డు మీద, రైళ్ళలో వాళ్ళ మనుషులు కాపు కాశారు. అందుకే గాల్లో పంపిస్తున్నాం. నువ్వు టైల్స్ వ్యాపారివి, ఆవిడ మీ అక్క. కొనేముందు ఒకసారి ఎగిరి చూస్తామంటావు. నాలుగింటికి గాల్లోకి లేస్తావు. తిరిగి రావు."

"అక్కడ మన మనిషి ఎవరు?"

"సేల్స్ మేనేజర్. రెండేళ్ళుగా ముఠా కబుర్లు మనకి మోస్తోంది. చాలా అందంగా ఉంటుంది. జాగ్రత్త."

"తుపాకీ ఉంటుందా సార్?"

"నేను అందం గురించే చెప్పాను."

గంటలో మేకప్ రూమ్‌లో కందిరీగకి జుట్టు నెరిసింది, పొట్ట వచ్చింది, వేళ్ళకి మూడు ఉంగరాలు పడ్డాయి. కఫ్‌లింక్‌లో కెమెరా, పెన్నులో పొగబాంబు, కళ్ళజోడు కాడలో ట్రాన్స్‌మిటర్. అన్నీ సర్దుకున్నాక, విప్పేసిన పాత కోటు లోపలి జేబులోంచి బెత్తెడు స్క్రూడ్రైవర్ ఒకటి తీసి కొత్త కోటు లోపలి జేబులో పెట్టుకున్నాడు. ఐదేళ్ళుగా వేషం మారినప్పుడల్లా ఇదే తంతు.

అది డిపార్ట్‌మెంటు ఇచ్చిన గాడ్జెట్ కాదు. దొంగసొత్తు.

ఐదేళ్ళ క్రితం అతను ఫోటోగ్రాఫర్ వేషంలో ఒక ఫ్లయింగ్ క్లబ్‌కి వెళ్ళాడు. ఒకడి సూట్‌కేస్ రెండు నిమిషాల్లో తెరవాలి. తాళాలు తీసే ఎలక్ట్రానిక్ పెన్ను సరిగ్గా ఆ క్షణంలోనే బ్యాటరీ అయిపోయి చచ్చింది. హ్యాంగర్ గోడకి పరికరాల బోర్డు ఉంది. ఒక్కో పరికరం వెనక దాని ఆకారమే పసుపు రంగుతో గీసి ఉంది. అందులోంచి అన్నిటికంటే చిన్న స్క్రూడ్రైవర్ లాగి, పని కానిచ్చి, పరధ్యానంగా జేబులో వేసుకుని వచ్చేశాడు. మిషన్ సక్సెస్. పతకం కూడా ఇచ్చారు.

నాలుగు రోజుల తర్వాత పేపర్లో మూడు లైన్ల వార్త. క్లబ్‌లో ఒక పరికరం కనబడలేదు. విమానాల దగ్గర పనిచేసేవాళ్ళకి పరికరాల లెక్క తగ్గిందంటే ఒకటే అర్థం, అది ఏదో ఒక విమానం కడుపులో ఉండిపోయిందని. రెండు ఇంజన్లు ఊడదీసి వెతికారు. దొరకలేదు. మెకానిక్ నిర్లక్ష్యమని అతన్ని ఉద్యోగంలోంచి తీసేసి, లైసెన్స్ సస్పెండ్ చేశారు.

కవర్‌లో పెట్టి పోస్టు చేస్తే సరిపోయేది. కానీ చీఫ్ ఆ క్లబ్ పేరే మర్చిపొమ్మని ఆర్డర్ వేశాడు. ఆ ఆర్డర్ తనకి ఎంత హాయిగా తోచిందో గుర్తొస్తే కందిరీగకి ఇప్పటికీ సిగ్గేస్తుంది. పతకం ఎక్కడ పడేశాడో తెలీదు. ఇది మాత్రం గుండెకి ఆనుకునే ఉంటుంది.

మధ్యాహ్నం రెండున్నరకి టైల్స్ వ్యాపారి, అక్కగారు ఎయిర్‌ఫీల్డ్‌లో దిగారు. రేకుల హ్యాంగర్‌లో రెండు తెల్ల విమానాలు పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి అమ్మకానికి, ఒకటి అద్దెకి. వాటి మధ్య నల్ల కళ్ళద్దాలు, ఎర్ర స్కార్ఫ్, చేతిలో తోలు హ్యాండ్‌బ్యాగ్‌తో సేల్స్ మేనేజర్ నిలబడి ఉంది. చీఫ్ చెప్పింది తక్కువేనని కందిరీగకి అనిపించింది.

"కిటికీ పక్క సీటు ఎవరిది?" అని కోడ్ అడిగాడు.

"మబ్బు పడితే ఎవరిదీ కాదు," అందావిడ. తర్వాత గొంతు పెంచి, "అమ్మకానికున్నదాన్ని మా మెకానిక్ మీకోసం పొద్దున్నించీ విప్పి చూస్తున్నాడు సార్. తాతా! ఇలా రా."

అమ్మకానికి పెట్టిన విమానం రెక్క కిందనుంచి నూనె మరకల చొక్కాతో ఒక పెద్దాయన బయటికి వచ్చాడు. వెనక గోడకి పరికరాల బోర్డు, పసుపు ఆకారాలు. కింద వరసలో ఒక ఆకారం ఖాళీగా ఉంది. సన్నగా, బెత్తెడు పొడుగు.

కందిరీగ జేబులోని ఇనుము ఒక్కసారిగా మణుగు బరువెక్కింది.

"కొనమంటారా, అద్దెకు తీసుకోమంటారా?" అన్నాడు ఏదో ఒకటి అనాలని.

"అది విమానాన్ని చూసి చెప్పేది కాదు సార్. తీసుకునే మనిషిని చూసి చెప్పాలి. మిమ్మల్ని కాస్త చూడనివ్వండి."

ఎంత సేపు చూస్తే అంత ప్రమాదమని కందిరీగ మాట మార్చబోయాడు. కానీ నోరు అతని మాట వినలేదు.

"ఆ ఖాళీ ఏంటి?"

పెద్దాయన చేతులు తుడుచుకున్నాడు. "నా స్క్రూడ్రైవర్ది. బోర్డు, పరికరాలు అన్నీ నా సొంతం. పాత క్లబ్‌లో ఐదేళ్ళ కింద అది పోయింది. ముప్ఫై ఏళ్ళలో లెక్క తప్పింది ఆ ఒక్కసారే. రెండేళ్ళు లైసెన్స్ లేదు. తర్వాత ఎవరూ పని ఇవ్వలేదు. ఈ మేడమ్ గారే పిలిచి మరీ ఇచ్చారు."

"కొత్తది కొనుక్కోవచ్చుగా?"

"పోయింది ఎక్కడుందో తెలియకుండా అందులో ఇంకోటి ఎలా పెడతాను సార్? మా ఆవిడ ఇప్పటికీ అడుగుతుంది, నిజంగా నువ్వే మర్చిపోయావా అని. మొదట్లో కాదనేవాణ్ణి. ఇప్పుడు నాకే తెలీడం లేదు."

కందిరీగ తల తిప్పుకున్నాడు. తుపాకీ గొట్టం ముందు కూడా అతను ఎప్పుడూ తల తిప్పుకోలేదు.

"పెద్దాయన పొద్దున్నించీ ఏమీ తాగలేదు," అంది మేడమ్. "వెళ్ళి టీ తాగి రా తాతా. వచ్చాక విమానంలో విప్పిన ఫ్లోర్ మూసెయ్యి. నాలుగింటికి ఎగరాలి."

మూడూ యాభై ఎనిమిది. కందిరీగ పైలట్ సీట్లో ఉన్నాడు. ఇంజన్ హోరెత్తుతోంది. పక్కన సైంటిస్టు రెండు చేతులతో సీటు పట్టుకుంది.

"తమ్ముడూ, నువ్వు ఇదివరకు నడిపావు కదా?"

"నడిపానక్కా."

"దింపావా?"

జవాబు చెప్పేలోపు కళ్ళజోడు కాడలో చీఫ్ గొంతు అరిచింది. "కందిరీగా! సాలెగూడు కారు గేటు దాటింది. రెండు నిమిషాల్లో మీ మీద పడతారు. టేకాఫ్!"

విమానం కదిలింది. అంతలో హ్యాంగర్‌లోంచి పెద్దాయన పరిగెత్తుకొచ్చాడు. రెండు చేతులూ పైకెత్తి, సరిగ్గా దారికి అడ్డంగా నిలబడ్డాడు. నోరు కదులుతోంది గానీ మాట వినపడలేదు. రెండు వేళ్ళు చూపించాడు.

రేడియోలో మేడమ్ గొంతు తీయగా పలికింది. "పట్టించుకోకండి సార్. పానా ఒకటి తగ్గిందట. ముసలాయనకి మతిమరుపు. పాత ఉద్యోగం కూడా ఇలాగే పోగొట్టుకున్నాడు. వాడి లెక్క ఎవరూ నమ్మరు. పక్కకి లాగేయిస్తాను, మీరు వెళ్ళిపోండి."

ఎవరూ నమ్మరు. నిజమే. లోకంలో ఆ లెక్క నమ్మగలిగిన మనిషి ఒక్కడే ఉన్నాడు. ముప్ఫై ఏళ్ళలో అది ఒక్కసారి కూడా తప్పలేదని తెలిసినవాడు. వాడు ఇప్పుడు పైలట్ సీట్లో కూర్చుని ఉన్నాడు.

ఆగితే కారు వస్తుంది. ఆగడానికి చెప్పుకోగలిగిన కారణం తన జేబులో ఉంది. చీఫ్‌కి ఏమని చెప్పాలి?

కందిరీగ ఇంజన్ కట్టేశాడు.

"పిచ్చెక్కిందా?" చీఫ్ కేకేశాడు.

"సార్, కారు వచ్చిందని మీకు చెప్పింది ఎవరు?"

"ఇంకెవరు, మేడమే..." అని చీఫ్ ఆగిపోయాడు.

గేటు దగ్గర కారు కాదు కదా, సైకిల్ కూడా లేదు. కందిరీగ కిందికి దూకాడు. పెద్దాయన ఆయాసపడుతున్నాడు.

"రోజూ ఒకటే ఖాళీ సార్. ఇవాళ రెండు. పదో నంబరు పానా లేదు. అది ఈ విమానంలోనే ఉంది. మీరు నమ్మరని తెలుసు..."

"ముసలాడికి లెక్క తప్పింది సార్," అంది మేడమ్ దగ్గరికి వస్తూ.

"తప్పలేదు." కందిరీగ గొంతు అతనికే కొత్తగా వినిపించింది. "అప్పుడూ తప్పలేదు." కోటు లోపలి జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసి అరచేతిలో పెట్టి చూపించాడు. "తీసింది నేను."

పెద్దాయన దాన్ని చూశాడు. అతన్ని చూశాడు. తిట్టినా బావుండేది.

మేడమ్ మాత్రం ఒక్క క్షణం కూడా వృథా చెయ్యలేదు. హ్యాండ్‌బ్యాగ్‌లోంచి బుల్లి పిస్టల్ బయటికి వచ్చింది. కందిరీగ పెన్ను నొక్కాడు. పొగ రాలేదు. బ్యాటరీ మళ్ళీ చచ్చింది. పిస్టల్ సైంటిస్టు వైపు తిరిగిన క్షణంలో పెద్దాయన పక్కనున్న చక్రాల బండిని కాలితో ఒక్క తోపు తోశాడు. నాలుగు డబ్బాల ఇంజన్ ఆయిల్‌తో అది వెళ్ళి మేడమ్ మోకాళ్ళకి తగిలింది. గుండు ఆకాశానికి తగిలింది. పిస్టల్ కందిరీగ చేతికి దొరికింది.

ఫ్లోర్ తెరిచారు. తోక దాకా వెళ్ళే కంట్రోల్ కేబుల్ పక్కన పదో నంబరు పానా ఇరికించి ఉంది. ముక్కు పైకి లేవగానే అది జారి కేబుల్‌ని కదలకుండా బిగించేస్తుంది. కూలిన విమానంలో మెకానిక్ సొంత పానా దొరుకుతుంది. ఇదివరకే ఒకసారి పరికరం పోగొట్టుకున్న మనిషి మరి. ఇంకెవర్నీ అనుమానించరు. మొదట్నించీ ముఠా తరఫునే ఉన్న మేడమ్ అతన్ని వెతుక్కుని మరీ పనిలో పెట్టుకున్నది అందుకే.

ఆ ముసలాయన్ని అంత పనికొచ్చేలా తయారుచేసి పెట్టింది తనేనని కందిరీగకి అప్పుడు తెలిసింది.

మేడమ్‌ని డిపార్ట్‌మెంటు వ్యాన్ ఎక్కించారు. సైంటిస్టుని తీసుకెళ్ళడానికి ఇక మిగిలిన అద్దె విమానాన్ని పెద్దాయన మొదటి బోల్టు నుంచీ చూస్తున్నాడు. కందిరీగ విగ్గు తీసేసి పక్కన నిలబడ్డాడు.

"క్షమించమని అడిగే ముఖం కూడా లేదు. డిపార్ట్‌మెంటు తరఫున ఏం కావాలన్నా..."

"ఒక ఫోన్ చెయ్యండి."

"ఎవరికి?"

"మా ఆవిడకి."

ఏజెంట్ పేరు, మిషన్ వివరం బయటివాళ్ళకి చెప్పడం నేరం. ఉద్యోగం పోవచ్చు. కందిరీగ నంబరు నొక్కాడు.

"అమ్మా, మీరు నన్ను ఎరగరు. మీ ఆయన లెక్క తప్పలేదు. నేను దొంగతనం చేశాను. ఐదేళ్ళు దాచాను."

అవతల స్టౌ కట్టేసిన చప్పుడు వినిపించింది. తర్వాత ఆవిడ, "ఆయన్ని తొందరగా ఇంటికి పంపించండి," అని పెట్టేసింది.

పెద్దాయన స్క్రూడ్రైవర్‌ని బోర్డుకి తగిలించాడు. పసుపు గీత లోపల అది కుదురుగా కూర్చుంది. ఒక నిమిషం అక్కడే నిలబడి, కళ్ళలో నలక పడ్డట్టు మొహం తుడుచుకున్నాడు.

చీఫ్ గొంతు మళ్ళీ లేచింది. "నువ్వు ఫోన్‌లో వాగిన దాని గురించి వచ్చాక మాట్లాడదాం. ముందు నా రిపోర్ట్ సంగతి తేల్చు. కొనాలా, అద్దెకు తీసుకోవాలా?"

కందిరీగ పెద్దాయన వైపు తిరిగాడు. "మనిషిని చూసి చెప్తానన్నారు."

పెద్దాయన అతన్ని పైనుంచి కింది దాకా ఒకసారి చూశాడు.

"కొనెయ్యండి బాబూ. తీసుకున్నది తిరిగివ్వడానికి మీకు ఐదేళ్ళు పడుతుంది."