బుడగలు రాని బొగ్గు

"ఇంధనం వడకట్టే రెండు ట్యాంకుల్లో ఒకదానిలో చచ్చిన బొగ్గు నింపారు," అన్నాడు చీఫ్ ఫోన్లో. "గంధకాన్ని పీల్చాల్సిన సన్నటి రంధ్రాలన్నీ ముందే పూడిపోయిన సరుకు. పదింటికి సబ్‌మెరైన్‌కి ఇంధనం ఎక్కాలి. అందులో గంధకం మిగిలిందా, నడిసముద్రంలో కరెంటిచ్చే ఫ్యూయెల్ సెల్ ఆగిపోతుంది. నలభై మంది పైకి రారు."

ఆ నలభైలో ఫోన్ వింటున్న ఏజెంట్ బావమరిది ఒకడు. బావ బతుకు బావమరిది కోరతాడంటారు. ఇక్కడ కోరాల్సింది బావ.

తొమ్మిదీ యాభైకి పంపు మెకానిక్ వేషంలో ఫిల్టర్ హాల్లో అడుగుపెట్టాడు. ల్యాబ్ మేడమ్ ఎదురొచ్చింది. తెల్లకోటులోనూ సినిమా తారలా ఉంది. విదేశీ ముఠాలో మనవాళ్లు నాటిన మనిషి.

"పొయ్యి రాజుకుందా?"

"ఊదేవాళ్లు లేరు."

కోడ్ సరిపోయింది. "చచ్చింది రెండోదాంట్లో. ఒకటో వాల్వు తిప్పు, టైమ్ లేదు," అందామె.

తిప్పాడు. గోడమీద వెనక్కి లెక్కపెట్టే అంకెలు వెలిగాయి. తొంభై సెకన్లలో ఇంధనం ట్యాంకు దాటి సబ్‌మెరైన్ గొట్టంలోకి పోతుంది. పెన్నులా ఉండే గంధకం మీటరు తీశాడు. పనిచెయ్యలేదు. కొత్త బ్యాటరీకి అర్జీ పెట్టి ఆరు నెలలైంది.

ఇంట్లో కూతురి చేపలతొట్టికి నీళ్లు వడకట్టే బొగ్గు మార్చేది అతనే. కొత్త బొగ్గు నీళ్లలో పడితే రంధ్రాల్లో గాలి బుడగలై సుయ్యిమంటుంది. రెండు ట్యాంకుల శాంపిల్ డబ్బాల మూతలూ తీసి, గుప్పెడేసి బొగ్గుపొడి పట్టి, బల్లమీది రెండు నీళ్ల గ్లాసుల్లో చిటికెడు చిటికెడు వేశాడు.

రెండోది సుయ్యిమంది. ఒకటోది నోరెత్తకుండా అడుక్కి దిగింది.

"మేడమ్..." అని తిరిగేసరికి పిస్టల్ నుదుటికి ఆనింది.

"మెకానిక్‌వి మెకానిక్‌లా ఉండాల్సింది."

"నాకు భయంగా ఉందండీ," అన్నాడు. అది నటన కాదు.

ఆమె నవ్వింది. ఆ నవ్వులోనే గుప్పిట్లో మిగిలిన పొడంతా ఆమె కళ్లలో కొట్టాడు. పిస్టల్ పేలింది. గుండు చెవి పక్కనుంచి పోయి గోడలో దిగింది. పడుతూ లేస్తూ వెళ్లి వాల్వు బిగించాడు. అంకె రెండు దగ్గర ఆగింది. గార్డులొచ్చి ఆమెను పట్టుకున్నాక కూడా అతని చేతులు వాల్వును వదల్లేదు.

నెల తర్వాత బావమరిది క్షేమంగా పైకొచ్చి, ఇంటికి వచ్చి, చేపలతొట్టి కడుగుతున్న ఏజెంట్‌ని చూసి జాలిపడ్డాడు.

"నీదేం ఉద్యోగం బావా! భయమంటే ఏంటో తెలీకుండానే రిటైరైపోతావు."