దొరసాని గడ్డం కింద

నల్లూరి హేమాద్రి ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, దొరసాని గడ్డం కింద వేలు పెట్టి చూసి ఉంటే ఇంత జరిగేది కాదు. పెట్టలేదు. గూటి మీది పలక చూశాడు, దాని మీద తొంభై ఆరు అని ఉంది, వెళ్ళిపోయాడు. చేవూరి అంకయ్య ఆ సంగతి తలుచుకుని పళ్ళు నూరని రోజు లేదు.

దొరసాని అంకయ్య ఇంటిపాము, ఏడడుగుల జెర్రిపోతు. ఎలుకల మందు బావుల్లోకి దిగి లంకల్లో మనుషులు చచ్చాక ఆ మందుని నిషేధించారు. మందు పోయాక ఎలుకలు పంటని సగానికి సగం మేసేశాయి. అప్పుడు పుట్టింది క్షేత్రరక్షణ మండలి. చేను ఉన్న ప్రతి ఇంటికీ ఒక జెర్రిపోతు, దానికొక గాజుగూడు, గూటికొక సుఖసూచి. ఆ సుఖసూచి పాము ఒంటి వేడి, ఊపిరి, తొట్టి నీళ్ళలో గడిపిన గంటలు అన్నీ కలిపి, నూటికి ఇంత సుఖం అని అంకె వేసి మండలికి పంపుతుంది. అంకె నలభైకి దిగితే పాముని హింసించినట్టు. పాముని తీసుకుపోతారు. పాము లేని చేను పదిహేను రోజుల్లో మండలిపరం.

అంకయ్య పెద్దలంతా పరాయి చేలల్లో ఎలుకలు పట్టి బతికినవాళ్ళు. తమదంటూ గట్టు వేసుకున్న మొదటివాడు వాళ్ళ నాన్న. అంకయ్య చదువు అయిదో తరగతితో ఆగింది. పాము గురించి మాత్రం ఒకరు చెప్పాల్సిన పని లేదు.

హేమాద్రి వచ్చిన రోజు పొద్దుటికి దొరసాని తొట్టిలోంచి లేవక మూడో రోజు. చేలోకి పోలేదు, వేసిన ఎలుకని ముట్టలేదు. ముక్కు ఒక్కటి పైన పెట్టి చుట్టలు చుట్టుకుని నీళ్ళలోనే ఉంది. అంకె మాత్రం ఎనభై నుంచి తొంభైకి, తొంభై నుంచి తొంభై ఆరుకి ఎక్కింది. మండలి నుంచి మెప్పు సందేశం కూడా వచ్చింది. వీధిలో వాళ్ళు వచ్చి, మీ పాము యోగం బాగుందని అన్నారు. ఎండాకాలం పాము నీళ్ళ కోసం వెతుక్కుంటుందని ఎవరో చల్లని గదిలో కూర్చుని రాసుకున్నారు. ఎంత నానితే అంత సుఖమని యంత్రానికి నేర్పారు.

"సుఖమంట," అంది భార్య చెంచమ్మ, తొట్టి వైపు చూసి. "ఆ రాసినోణ్ణి మూడ్రోజులు కాలవలో కూర్చోబెడితే తెలుస్తది సుఖమేందో."

అంకయ్య తెల్లకాగితం మడిచి దొరసాని గడ్డం కింద మెల్లగా రుద్దాడు. కాగితం మీద ఆవగింజలో పదోవంతు నల్లచుక్కలు పడ్డాయి, పడి నడిచాయి. తొట్టి అడుగునా అవే, చచ్చినవి. పేలు. రక్తం పీల్చే పేలు పొలుసుల సందుల్లో చేరితే పాము ఆ బాధకి నీళ్ళలో దిగుతుంది. మునిగిన ఒంటి మీదివి కొన్ని చస్తాయి, మిగిలినవి తల మీదికి ఎక్కి కళ్ళ చుట్టూ కూర్చుంటాయి. పాము ఇంకా నానుతుంది. పొట్ట పొలుసులు అప్పటికే మెత్తబడి రెండుచోట్ల బొబ్బలెక్కాయి.

కబురు పెడితే హేమాద్రి వచ్చాడు. లంకలకి అతనే పరిశీలకుడు. కాగితం చూపించబోతే చెయ్యి వెనక్కి తీసుకుని, అది దుమ్మన్నాడు. జిల్లాలో ఇంత సుఖంగా ఉన్న పాము ఇంకోటి లేదన్నాడు.

"గడ్డం కింద ఒక్కసారి వేలు పెట్టండి సారూ. అది కరవదు."

"పాముని ముట్టుకోకూడదనే గదయ్యా సూచి పెట్టింది," అన్నాడు హేమాద్రి.

అతను వెళ్ళాక అంకయ్య చెయ్యాల్సింది చేశాడు. తొట్టి ఎత్తేశాడు. గూట్లో పరిచిన వరిపొట్టు అంతా తీసి కాల్చి, గాజు కడిగి, పాతకాగితాలు పరిచాడు. దొరసానిని ఒళ్ళో వేసుకుని, కొబ్బరినూనె గుడ్డతో తల నుంచి తోక దాకా ఒక్కో పొలుసు తుడిచాడు. గుడ్లు మిగిలుంటాయి కాబట్టి వారం తర్వాత మళ్ళీ తుడవాలి. నీళ్ళు తీసేసరికి అంకె పడిపోతుందని అతనికి తెలుసు. పడనీ అనుకున్నాడు. పడితే మనిషి వస్తాడు, వస్తే కాగితం మీది పేలు చూపిద్దామని దాన్ని సీసాలో వేసి గడప మీద పెట్టుకుని కూర్చున్నాడు. పాముకి కష్టమొచ్చిందంటే మనిషి పరిగెత్తుకు రావడమే వాళ్ళ ఇళ్ళల్లో ఎరిగిన పద్ధతి. అతను చేసిన తప్పంతా అదే.

మనిషి రాలేదు. అంకె పదకొండుకి దిగిన గంటకి గాలిబండి వాకిట్లో వాలింది. దాని రబ్బరు చేతులు, నూనె ఇంకా ఆరని దొరసానిని ఎత్తి పెట్టెలో పెట్టుకున్నాయి. అంకయ్య సీసా పట్టుకుని బండి ముందు నిలబడ్డాడు. దానికి సీసా చూసే కన్ను లేదు.

దొరసానిని మండలి సర్పశాలకి చేర్చారు. అక్కడ మూడు వందల జెర్రిపోతులు, మూడు వందల తొట్లు. పదహారో రోజున చేను మండలి ఖాతాకి మారింది, నెల తిరక్కుండా ఇంకొకరికి రాశారు. రెండు నెలల పాటు ఆ శాల సుఖం తొంభైకి తగ్గలేదని మండలి గొప్పగా చెప్పుకుంది.

మూడో నెలలో హేమాద్రి అంకయ్య గుమ్మంలోకి వచ్చాడు. అక్కడే నిలబడి మాట్లాడాడు. రెండు వందల పన్నెండు పాములు పోయాయి. మిగతావీ నీళ్ళలోనే ఉన్నాయి. పాముని చేత్తో పట్టుకోగల మనిషి ఉద్యోగుల్లో ఒక్కడూ లేడట. రమ్మన్నాడు.

"దొరసాని?" అని అడిగాడు అంకయ్య.

ఆ రెండు వందల పన్నెండులో అదీ ఒకటన్నాడు హేమాద్రి.

వెళ్ళొద్దంది చెంచమ్మ. వాళ్ళ పాపం వాళ్ళనే పడనిమ్మంది. అంకయ్య నూనెసీసా చంకన పెట్టుకుని వెళ్ళాడు. పాములు ఏం చేశాయని. మొదటి తొట్టిలో పాముని ఎత్తి, తుడిచే ముందు హేమాద్రి వైపు చాపాడు.

"పెట్టండి సారూ వేలు."

హేమాద్రి పెట్టాడు. వేలు వెనక్కి తీసుకుంటే గోటి మీద నాలుగు నల్లచుక్కలు నడుస్తున్నాయి. పక్కనే పలక మీద తొంభై ఏడు వెలుగుతోంది.

"దీన్ని ఎక్కడ రాయాలో..." అన్నాడు. "సూచిలో దీనికి గడి లేదు అంకయ్యా."

చేను వెనక్కి ఇచ్చే సంగతి అడిగితే దానికీ గడి లేదన్నాడు. అంకయ్య పాముని ఒళ్ళో వేసుకుని గడ్డం దగ్గర మొదలుపెట్టాడు. సర్పశాల కిటికీలోంచి చూస్తే కాలవ అవతల ఆ చేను కనిపిస్తుంది: ఎకరా ముప్పై ఏడు సెంట్లు, తూర్పుగట్టు మీది రెండు తుమ్మచెట్లతో సహా.