మరీ శుభ్రమైన గీత

పొద్దున తీసిన పరీక్ష నకలులో జన్యు అక్షరాలు అక్కడక్కడా తప్పి కనిపించేసరికి నూకరత్నం టీ గ్లాసు పక్కన పెట్టేసింది.

భీమిలి కొండ మీది ఆ శుద్ధి కేంద్రంలో తప్పు అన్న మాటే వాడుకలోంచి పోయింది. ఒక వైరస్ తన డీఎన్ఏకి నకలు తీసుకోవడానికి వాడే ప్రొటీన్‌ని అక్కడ బ్యాక్టీరియా చేత చేయించి, వడకట్టి, బుడ్డీల్లో పోసి కింద రేవుకి పంపుతారు. రేవులోని నకలు గదులు దానితోనే రాష్ట్రమంతటికీ కూరగాయల నారు పుట్టిస్తాయి. వైరస్ సొంత ప్రొటీన్ ఎప్పుడైనా ఒక అక్షరం పొరబడుతుంది. కేంద్రం వాడేది సవరించిన రకం, పేరు మడి. మడి పొరబడదు. అందుకే ఇచ్ఛాపురంలో తిన్నా చిత్తూరులో తిన్నా వంకాయ ఒకటే వంకాయ.

రత్నం బ్యాక్టీరియా పెంచిన కుండ అడుగున మిగిలినదాన్ని తీసి జన్యువు చదివించింది. మడి కాదు. ఎవరో వైరస్ నుంచి అసలు జన్యువునే కోసి తెచ్చి బ్యాక్టీరియాలోకి ఎక్కించారు.

"కుండ సన్యాసిరావుది," అంది గోడలోంచి పరిశీలిక, కేంద్రాన్ని కనిపెట్టుకుని ఉండే యంత్రం. ఆ గొంతులో కోపం ఉండదు, జాలీ ఉండదు. "సాయంత్రం నారు ఓడ కదిలేలోగా ఇంకో పేరు రాకపోతే అతని వేలిముద్ర చెరిపేస్తాను."

వేలిముద్ర చెరిగిన మనిషికి ఇక ఏ ప్రయోగశాల తలుపూ తెరుచుకోదు. రత్నంతో పనిచేసే సన్యాసిరావు ఈమధ్యే కొండ కింద ఇల్లు తీసుకున్నాడు. దాని కిటికీలోంచి సముద్రం ఎంత కనిపిస్తుందో కనపడ్డవాళ్లందరికీ చేతులు చాపి చూపిస్తున్నాడు.

అతనే తలుపు తోసుకుని వచ్చాడు. "ఏటక్కా, నన్ను పీకేస్తారంట?"

"కుండ నీదే కదరా."

"కుండ నాదే. పెంచీసి సామాన్లు సర్దుకోడానికి కొండ దిగాను. తిరిగొచ్చీసరికి వడకట్టిన బుడ్డీ బల్ల మీద ఉంది. నువ్వే చేసీసావనుకున్నాను."

"నేను నువ్వనుకున్నాను."

"బాగుంది. ఇద్దరం కలిసి దెయ్యం చేత జీతం లేకుండా పని చేయించీసాం."

రత్నానికి నవ్వొచ్చింది, కానీ పరీక్ష పలక తీసి వెలుతురుకి పెట్టింది. బుడ్డీలోని సరుకుని జిగురు పలక మీద పరిగెత్తిస్తే ఒక్కో ప్రొటీన్ ఒక్కో నీలం గీతగా నిలబడుతుంది. సన్యాసిరావు వడకట్టే గొట్టాన్ని తొందరగా కడిగేస్తాడు, అంచేత అతని అసలు గీత కింద ఎప్పుడూ ఇంకో పలచటి గీత ఉంటుంది. కేంద్రంలో దాన్ని పిల్లగీత అని ఏడిపిస్తారు. పరిశీలిక ఆపాటి మురికికి అభ్యంతరం చెప్పదు కాబట్టి అతనూ మారలేదు.

ఈ పలక మీద ఒక్కటే గీత. దాని కిందా పైనా పలక అద్దంలా ఉంది.

"నీ పిల్లగీత ఏదిరా?"

సన్యాసిరావు వంగి చూశాడు. "నా చేత్తో ఇంత నున్నగా వస్తాదా అక్కా? కుర్చీ వేసుకుని కూర్చుని, ఉప్పునీళ్లు బొట్టు బొట్టుగా వదలాల. అంత ఓపిక ఎవరికుంది?"

రత్నం పలక పట్టుకుని తలుపు వైపు నడిచింది. ఆ ఓపిక ఆమెకూ లేదు. ఉద్యోగంలో చేరిన రోజుల్లో పక్కన కూర్చుని, "గొట్టాన్ని కంగారు పెట్టకమ్మా, అదే వదుల్తుంది," అని నేర్పిన మనిషి ఒక్కరికే ఉంది.

కేంద్రం పెద్ద భానోజీరావు గదిలో కూరొడియాల వాసన, గుత్తివంకాయ వాసన కలిసిపోయి ఉన్నాయి. ఆయన క్యారేజీ విప్పుకుని కూర్చున్నాడు. రత్నం పలక ముందు పెట్టింది. ఆయన కళ్లజోడు నుదుటి మీదికి తోసి, చేతిలో ముద్ద అలాగే ఉంచుకుని చాలాసేపు చూశాడు. మొహం వెలిగింది.

"బాగా వచ్చింది కదూ."

"బాగా వచ్చింది సార్. సన్యాసిరావు మీదకి వచ్చింది."

ముద్ద క్యారేజీలోకి జారింది. "వాడి మీదకా?"

"సాయంత్రం వేలిముద్ర చెరిపేస్తుందట."

"కుండ ఎవరిదో చూసుకోలేదమ్మా. పెంపకం మొదలవకముందే అందులోని బ్యాక్టీరియా మార్చేశాను." ఆయన చెయ్యి కడుక్కుని, తుడుచుకుని, గోడవైపు తిరిగాడు. గొంతు తీరిగ్గానే ఉంది.

"పరిశీలికా, పేరు రాసుకో. భానోజీరావు. జన్యువు తెచ్చింది నేను, కుండలోకి ఎక్కించింది నేను, వడకట్టింది నేను. కుర్రాడికి ఏమీ తెలీదు. ఇంకోటి కూడా రాసుకో. పోయిన ఓడలో వెళ్లిన సరుకూ ఇదే. దాన్ని పరీక్షించి బాగుందని చెప్పిందీ నేనే. ఆ నారు పొలాల్లో వేళ్లు తన్నేసింది, ఇప్పుడు నువ్వు వెనక్కి పిలిచినా రాదు. కొన్ని మొక్కలు చస్తాయి. కొన్ని చేదు కాయలు కాస్తాయి, జనం నన్ను తిడతారు. కానీ నిరుడు తెగులొచ్చి వంగతోటలన్నీ ఒక్కసారే పడుకున్నాయి చూడు, ఇకమీదట అలా పడుకోవు. ఏదో ఒకటి తేడాగా పుట్టి నిలబడుతుంది. నీకు ఎన్నిసార్లు చెప్పినా మడి మడి అన్నావు. రత్నం పట్టుకుంటుందని నాకు తెలుసు. కాస్త మురికి వదిలేసి ఉంటే దొరక్కపోదును. కూర్చున్నాను, వదిలేద్దామనే అనుకున్నాను. చేతులొప్పుకోలేదు."