కాపరి లెక్కపెట్టిన ఆపదలు

విశాఖపట్నంలో చివరి మెట్టు పగలగొట్టి అప్పటికి పదకొండేళ్లయింది. కొండ మీదికైనా, కోర్టు లోపలికైనా వాలుబాటలే. 2079లో ఆ నగరంలో పన్నెండు వేల విద్యుత్ చక్రాల కుర్చీలు తిరుగుతున్నాయి. వింతేమిటంటే, వాటన్నిటి కిందా ఇంకా సీసం బ్యాటరీలే! ఎప్పుడో నాసిరకం లిథియం ప్యాకులు అంటుకుని ప్రమాదాలు జరిగితే, మనిషి కూర్చునే వస్తువులో లిథియం ఉండకూడదని నిషేధించారు. చంద్రుడి మీద గనులు తవ్వుతున్న కాలంలో కూడా కుర్చీలో ఉన్న మనిషి ముప్పై కిలోల సీసాన్ని వెంటేసుకుని తిరగాల్సిందే.

ఆ నిషేధం ఎత్తించాలని డాక్టర్ కృపామణి ఆరేళ్లు కష్టపడింది. చిన్నప్పటి నుంచీ ఆమెకు కుర్చీయే కాళ్లు. ఆమె కనిపెట్టినది 'కాపరి', అగ్గిపెట్టెంత యంత్రం. లిథియం సెల్లుల వేడినీ వోల్టేజినీ కనిపెట్టుకుని ఉండటం దాని మొదటి పని. రెండోది ఎవరూ చెయ్యనిది. చేతిపట్టీలోంచి మనిషి గుండె చప్పుడు వింటుంది, కెమెరాతో దారి చూస్తుంది. లారీయో కుక్కో మీదికొచ్చి గుండె అదిరితే, ఆపద అని గ్రహించి మోటారుకు నాలుగింతల కరెంటు వదులుతుంది. ఆపదలో ఉన్న మనిషిని హెచ్చరికలతో విసిగించకూడదని, ఆ సమయంలో నోరు మెదపవద్దని కూడా కృపామణే నేర్పింది.

తీరా ప్రయోగానికి మాత్రం అనుమతి దొరికి, పరిశోధనాలయంలో సీసం తీసి లిథియం పెట్టడం మొదట ఎవరి కుర్చీకని చీటీ తీస్తే, లోకనాథం పేరు వచ్చింది. పక్క గదిలో మోటార్ల శాస్త్రవేత్త, అతనిదీ చక్రాల కుర్చీయే. మర్నాటి నుంచి ఆమె సీసం కుర్చీ మూలుగుతూ వాలుబాట ఎక్కుతుంటే, అతను పక్కనుంచి రయ్యిన దూసుకుపోతూ, "త్వరగా రండి డాక్టరు గారూ, టీ చల్లారిపోతోంది!" అనేవాడు. సొమ్మొకరిది, సోకొకరిది. కృపామణి పైకి నవ్వేది. లోపల మాత్రం కుళ్లుకునేది.

నాలుగు నెలలకు ఆమె వంతు వచ్చింది. మెకానిక్ సీసం దించి, లిథియం బిగించి, తేలికైన కుర్చీ వెనక్కి తిరగబడకుండా అడుగున ఇనప పలక కట్టాడు.

"సీసమైతే అలిసిపోయినప్పుడు నెమ్మదిస్తాదమ్మా. ఇది అలా కాదు. ఆఖరి దాకా ఒకేలా పరిగెట్టి టక్కున ఆగిపోతాది," అన్నాడు.

"కాపరిని చేసిందాన్ని నేనే కదయ్యా," అంది కృపామణి.

ఆ వారమే అనుమతి పరీక్ష. ఆమెదీ లోకనాథానిదీ రెండు కుర్చీలూ మధ్యలో ఛార్జింగ్ లేకుండా కొండ మీదికి తొమ్మిది కిలోమీటర్లు ఎక్కాలి. ఒక్కటి ఆగినా నిషేధం మరో అయిదేళ్లు. అధికారి పైడిరాజు తన సొంత సీసం కుర్చీలో వెనకే వస్తాడు. భయమేమీ లేదు, రెండుసార్లు ఎక్కేంత కరెంటు ఉంది.

పొద్దున్నే బయలుదేరారు. మొదటి మలుపులోనే లోకనాథం ముందుకెళ్లాడు. అతని వీపు చూడగానే కృపామణి పళ్లు బిగుసుకున్నాయి. ఆమె కుర్చీ ఒక్క గెంతు గెంతి అతన్ని దాటేసింది. ఎంత హాయిగా ఉందో! అంతలో అతను మళ్లీ దాటాడు. మళ్లీ ఆమె. ఇలా ఏడో కిలోమీటరు దాకా సాగి, రెండు కుర్చీలూ పక్కపక్కనే టక్కున ఆగిపోయాయి. బ్రేకులు వాటంతటవే పడ్డాయి.

"ఏమైంది?" అంది కృపామణి.

కాపరికి మాట్లాడటానికి వేరే చిన్న బ్యాటరీ ఉంది. "కరెంటు అయిపోయింది. ఈ ఉదయం ముప్పై ఎనిమిది ఆపదలు."

"ఆపదలేమిటి? దారిలో పిల్లి కూడా ఎదురు రాలేదే!"

"లోకనాథం గారు ముందు కనబడినప్పుడల్లా మీ గుండె అదిరింది."

లోకనాథం పగలబడి నవ్వాడు. కృపామణి ముఖం కందిపోయింది. అతని కుర్చీ వైపు తిరిగి, "నీ లెక్క కూడా చెప్పు," అంది.

"నలభై ఒకటి," అంది అతని కాపరి. "అన్నీ కృపామణి గారే."

నవ్వు ఆగిపోయింది. లోకనాథమే ఒప్పుకున్నాడు. "పేపర్లో మీ ఫోటో పడ్డ రోజు నుంచి నాకు మనశ్శాంతి లేదండీ. అందరూ కాపరి, కాపరి అంటారు. అది తిప్పే మోటారు ఎవరిదని ఒక్కడైనా అడిగాడా?"

"అడగలేదు. నేనూ చెప్పలేదు," అంది కృపామణి. ఆమెకు నిజంగా సిగ్గేసింది. చేతిపట్టీ మీద తట్టి, "ఆపదకీ అసూయకీ తేడా తెలియదా నీకు?" అంది.

"గుండె దగ్గర తేడా కనిపించలేదు. ఏమిటో చెప్పండి, నేర్చుకుంటాను."

ఆమె రెండు కాపరుల వైపూ చూసింది. "ముందు ఒక పని చెయ్యండి. ఇకమీదట ఆపద అనిపిస్తే, మీరిద్దరూ నోరు విప్పి చెప్పండి," అంది.

కింది మలుపులో కిర్రుకిర్రుమని చప్పుడైంది. పైడిరాజు సీసం కుర్చీ నత్తనడకన వచ్చింది.

"ఏటండీ, ఇక్కడాగిపోయేరు? కబుర్లేటి? నాది పాత బండి, ఆపితే మరి కదల్దు. పైన కూకుంటాను, రండి," అంటూ ఆయన ఆగకుండా వాళ్లను దాటి వెళ్లిపోయాడు.

కృపామణి, లోకనాథం ఆయన వీపు వైపే చూస్తూ ఉండిపోయారు.

రెండు కాపరులూ ఒకేసారి పలికాయి. "ఆపద గుర్తించాను. ఇవ్వడానికి కరెంటు లేదు."